కలువలను కొలను అడుగున మట్టిలో నాటాలా, తొట్లలో నాటాలా?

ప్రశ్న (హైదరాబాద్ సభ్యురాలు):
పెరట్లో 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుతో సిమెంటు కొలను కట్టించుకున్నాము. అడుగంతా మట్టి పోసి నాటితేనే కలువలు సహజంగా పెరుగుతాయని నా నమ్మకం. మా వారు తొట్లలోనే నాటాలంటున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కడియం సభ్యుడు):
మీ వారి మాటే సరైనదండి. అడుగంతా మట్టి ఉంటే చేపలు దాన్ని కెలికి నీటిని ఎప్పుడూ బురదగానే ఉంచుతాయి. హార్డీ (చలిని తట్టుకునే) రకాల దుంప అల్లంలా అడ్డంగా పాకుతుంది కనుక, రెండు మూడేళ్లలో ఒకే మొక్క చిన్న కొలనంతా ఆక్రమించగలదు. అడుగున్నర వెడల్పున్న తొట్టిలో బంకమట్టి నింపి, దుంప మొలక పైకి కనబడేలా నాటి, మట్టి లేచిపోకుండా గులకరాళ్లు పరచండి. కొబ్బరి పొట్టు కలిపితే నీటిపైకి తేలుతుంది, పచ్చి పేడ వేస్తే కుళ్లి నీరు పచ్చబడుతుంది.

జవాబు (కోనసీమ సభ్యుడు):
నేను దీనితో ఏకీభవించలేను. మా ఊరి చెరువులో కలువలను ఎవరూ తొట్టిలో పెట్టలేదు. వేసవిలో నీరు ఇంకిపోయినా దుంప బురదలో బతికే ఉండి, వానలు పడగానే చుట్టలా మెలిపడిన ఎర్రని లేత ఆకును పైకి పంపుతుంది. తొట్టి మట్టిలో సారం త్వరగా తరిగిపోతుంది, ఆకులు చిన్నవై పసుపెక్కుతాయి. అప్పుడేం చేస్తారు?

జవాబు (కడియం సభ్యుడు):
సారం తరుగుతుందన్న మాట నిజమే. అందుకే ఎముకల పొడిని బంకమట్టిలో కలిపి ఉండలుగా చుట్టి, వేళ్ల పక్కన లోతుగా గుచ్చుతాము. నీటిలో కలవకుండా మొక్కకే అందుతుంది. ఆకులు చోటు చాలక నీటిపైకి నిక్కి నిలబడితే దుంప విడదీసి నాటే సమయం వచ్చినట్టే. తొట్టిని పైకి తీసి చేసే ఆ పని, అడుగు మట్టిలోనైతే కొలను ఖాళీ చేస్తే తప్ప కుదరదు. ఎకరాల చెరువుకు చెల్లిన పద్ధతి 48 చదరపు అడుగుల కొలనుకు చెల్లదు. ఇంతకీ మీ కొలనుపై ఎండ ఎంతసేపు పడుతుంది? 5, 6 గంటలైనా లేకపోతే ఎలా నాటినా పూలు సరిగా రావు.

జవాబు (హైదరాబాద్ సభ్యురాలు):
మధ్యాహ్నం 2 గంటలకే మామిడిచెట్టు నీడ సగం కొలనును కప్పేస్తుంది, ఆ నీడ కాలాన్ని బట్టి జరుగుతుంది కూడా. ఎండ ఉన్న వైపుకు జరుపుకునే వీలుంటుంది కాబట్టి, తొట్లలోనే నాటుతాను.