సెంటర్ పిన్ను హోలు కోలగా అరిగింది: వెల్డింగా, ఓవర్‌సైజు బుష్షా?

మాగాణి_రైతు:
35 హార్స్‌పవర్ పాత ట్రాక్టరు. ముందు యాక్సిల్ అటూ ఇటూ ఊగడానికి మధ్యలో ఉండే సెంటర్ పిన్ను సంగతి. ముందు భాగం జాకీ మీద లేపి, యాక్సిల్ కింద గడ్డపార పెట్టి ఎత్తితే మధ్యలో 3 ఎంఎం దాకా లొడలొడమంటోంది. విప్పితే బుష్షు (పిన్ను చుట్టూ ఉండే గొట్టం) అడుగు వైపు పూర్తిగా తినేసి ఉంది. పిన్ను అడుగున మెట్టు పడింది. యాక్సిల్ దూలంలో బుష్షు కూర్చునే హోలు కూడా అడ్డం కంటే నిలువు 1.2 ఎంఎం ఎక్కువ. ఒక మెకానిక్ వెల్డింగ్ పోసి మళ్లీ సైజుకు తెద్దామంటాడు, ఇంకొకరు హోలు పెద్దది చేసి పెద్ద బుష్షు నొక్కమంటారు. దమ్ముకు ముందే తేలాలి. ఏది మేలు?

లేత్‌బెంచి:
వెల్డింగ్ జోలికి పోకండి. యాక్సిల్ విప్పే ఉంది కాబట్టి బోరింగ్‌కు (మిషను మీద హోలు పెద్దది చేసి గుండ్రంగా కొట్టడానికి) పంపండి. ఒక్కటే జాగ్రత్త: పాత సెంటర్ మీదే కొట్టాలి. అరిగింది ఒక పక్కే 1.2 కాబట్టి ఆ సెంటర్ మీద కోల పోవాలంటే వ్యాసం 2.4 పెరుగుతుంది. అరిగిన హోలునే పట్టుకుని కొడితే 1.2తో సరిపోతుంది గానీ సెంటర్ 0.6 కిందికి జారుతుంది.
బుష్షు గన్‌మెటల్‌ది తిప్పించండి. బయటి సైజు హోలు కంటే 0.05 నుంచి 0.08 ఎంఎం ఎక్కువ ఉండాలి. నొక్కాక లోపలి సైజు ఇంచుమించు అంత తగ్గుతుంది. అందుకే లోపల 0.3 వదిలి, నొక్కిన తర్వాత రీమర్ (హోలును సన్నగా చెక్కి సైజుకు తెచ్చే టూలు) వేయాలి. అటొకటి ఇటొకటి రెండు బుష్షులుంటే రీమరు రెండింటిలోంచీ ఒకే దెబ్బలో పోవాలి, లేకుంటే పిన్ను ఒక అంచునే పట్టుకుంటుంది. పిన్నుకూ బుష్షుకూ 0.1 ఖాళీ చాలు. గ్రీజు బెజ్జం గ్రీజు కొట్టే నిపుల్‌కు ఎదురుగా పడిందో లేదో నొక్కకముందే గుర్తు పెట్టుకోండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఎర్రచెల్క:
గ్రీజు కొట్టెటప్పుడు ముందల జాకీ లేపిండ్రా? గది చెప్పుండ్రి ముందు.

దమ్ముబండి:
లేత్‌బెంచి గారు కాగితం మీద బాగానే చెప్పారు. దూలంలో 2.4 తీసేస్తే మిగిలే గోడ ఎంత? గట్టు దిగేటప్పుడు ముందు చక్రం గుంటలో పడితే ఆ దెబ్బంతా తినేది ఆ గోడే. పోయిన ఇనుము తిరిగి పోస్తే గోడ గోడలా ఉంటుంది.
వెల్డింగ్ అంటే ఎవరో వచ్చి నాలుగు చుక్కలు పెట్టిపోవడం కాదు. 7018 రకం వెల్డింగ్ రాడ్డు, వేడి చేసి ఆరబెట్టింది. దూలాన్ని ముందుగా 150, 200 డిగ్రీల దాకా కాచాలి. ఒక చోటే పోయకుండా ఎదురెదురుగా చిన్న చిన్న రన్నులు వేయాలి. అయ్యాక ఊక బూడిదలో పాతి తెల్లారేదాకా ముట్టుకోకూడదు. ఎర్త్ క్లాంపు పని జరిగే ముక్కకే తగిలించాలి. బండికే ఉంచి చేసేవాళ్లు బ్యాటరీ తీగలు విప్పకపోతే డైనమో పోతుంది.

లేత్‌బెంచి:
అదంతా చేసినా చివరికి ఆ హోలు గుండ్రం చేసేది ఎవరు? చేతి గ్రైండరా? గ్రైండర్‌తో చేసిన హోలులో బుష్షు మూడు చోట్ల తగులుతుంది, మిగతాది గాలి. రెండు నెలల్లో బుష్షే దూలంలో తిరగడం మొదలుపెడుతుంది. బోరింగ్‌కే పంపాలంటే మరి వెల్డింగ్ ఎందుకు? పైగా అసలు ఆ దూలం ఉక్కో పోతో ఎవరైనా చూశారా? పోత ఇనుమైతే 7018తో పగులు ఖాయం. నికెల్ రాడ్డు వాడినా అంచు గాజులా గట్టిపడి టూలు ముక్కలవుతుంది.

దమ్ముబండి:
ఆకురాయి పెట్టి గీకితే తెలిసిపోతుంది. పొడి రాలితే పోత, సన్న చుట్టలు వస్తే ఉక్కు. దానికి లేతు అక్కర్లేదు.

ఎర్రచెల్క:
మీరిద్దరు గట్ల కొట్లాడుతనే ఉండుండ్రి. బరువంతా పిన్ను మీదికెల్లి బుష్షు అడుగున పడ్తది. పై నిపుల్‌ల కొట్టిన గ్రీజు పైన ఉన్న సందుకే పోతది, అడుగుకు చేరదు. పిన్నును పట్టుకునే ముందు సపోర్టు కింద జాకీ పెట్టి లేపితే యాక్సిల్ పిన్నుకు వేలాడ్తది, అడుగున సందు తెరుసుకుంటది, గప్పుడు గ్రీజు పోతది. గిది చెయ్యకుంటె వెల్డింగ్ అయినా బుష్షయినా మళ్ల గిదే కథ. దమ్ముల రోజూ కొట్టాలె, బురద నీళ్లు బయటికి తన్నుకొచ్చి కొత్త గ్రీజు కనబడేదాక.

కంకిపాడు_బుల్లోడు:
ఇంజను అడుగున ఆయిలుండే సంపు ట్రే కింద జాకీ పెట్టకండి, సొట్ట పడి ఆయిల్ పీల్చే పైపుకు తగులుతుంది. సపోర్టు కిందే.

దమ్ముబండి:
లేతు నడిపేవాళ్లకు ప్రపంచమంతా లేతు పనిలానే కనిపిస్తుంది. గన్‌మెటల్ అని డబ్బు తీసుకుని ఇత్తడి బుష్షు అంటగట్టారు మా వైపు ఒక షాపులో. ఒక్క దమ్ముకే పిండైంది. మీ 0.05లూ 0.08లూ ఆ షాపులో ఎవరు కొలిచారు?

లేత్‌బెంచి:
ఇత్తడి పచ్చగా ఉంటుంది, గన్‌మెటల్ ఎర్ర ఛాయ. కొనేవాడు కళ్లు తెరిచి చూడాలి. ఎక్కడో ఎవరో మోసం చేశారని కొలతలే తప్పంటే నేనేం చెప్పను? ఊక బూడిద వైద్యం మీరే చేసుకోండి.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. బండి సంగతి మాట్లాడండి.

లేత్‌బెంచి:
సరే. రైతు గారూ, ఈ బండి తొట్టి లాగుతుందా?

మాగాణి_రైతు:
దమ్మయ్యాక అంతా తొట్టి పనేనండీ. ధాన్యం బస్తాలు మిల్లుకు, రోడ్డు మీదే. ఆకురాయితో గీకాను, చుట్టలే వచ్చాయి. దూలం గోడ 14 ఎంఎం ఉంది.

దమ్ముబండి:
అయితే ఉక్కే. నే చెప్పింది చేయండి. పాత బండి మీద కొత్త పిన్ను, బుష్షులు, బోరింగ్, రవాణా అంటూ పోసుకుంటూ పోతే ఏం మిగులుతుంది? రెండు పంటలు లాగించి మారుబేరానికి ఇచ్చేయడమే. ఎక్స్‌చేంజీలో ఎవరూ యాక్సిల్ కింద గడ్డపార పెట్టి చూడరు.

లేత్‌బెంచి:
ఇదీ అసలు మాట. ఇంతసేపూ గోడ బలం అన్నారు, చివరికి రెండు పంటలు నడిస్తే చాలన్నారు. ఆ తర్వాత కొన్నవాడు బస్తాలేసుకుని కాలవ గట్టు మీద పోతుంటే పిన్ను తెగితే ముందు చక్రాలు అడ్డం తిరుగుతాయి, స్టీరింగ్ ఉండీ లేనట్టే. నేను చెప్పేది పదేళ్లు నడిపేవాడికి. మీరు చెప్పేది వదిలించుకునేవాడికి.

దమ్ముబండి:
అవును, వదిలించుకునేవాడికే. మూడెకరాల కౌలు రైతు పదేళ్ల లెక్క వేయలేడు. తప్పేముంది?

లేత్‌బెంచి:
అమ్మేటప్పుడు వెల్డింగ్ సంగతి చెబితే తప్పు లేదు.

దమ్ముబండి:
షోరూంలో పెట్టిన పాత బండ్లకు ఎవరు చెబుతున్నారు?

మాగాణి_రైతు:
అమ్మే ఆలోచన లేదండీ. 14లో 1.2 పోయినా ఇంకా 12.8 ఉంటుంది కదా, బోరింగ్‌కే పంపుతున్నాను. పాత పిన్నును మెట్టు పైకి వచ్చేలా తిప్పి వేస్తే నడుస్తుందా?

లేత్‌బెంచి:
లాక్ బోల్టు గాడి అవతలి పక్క కూడా ఉంటేనే తిరుగుతుంది. తిరిగినా వద్దు, కొత్త బుష్షును పాత పిన్ను గీకేస్తుంది. ఈఎన్8 రకం ఉక్కు పిన్ను, పైన ఇండక్షన్ హార్డెనింగ్ చేసింది (కరెంటు వేడితో పైపొర గట్టిపరిచింది) తీసుకోండి. యాక్సిల్ ముందూ వెనకా ఆడే లూజు వేరే సంగతి, అది బుష్షుతో పోదు. థ్రస్ట్ వాషర్లు మార్చి షిమ్ములతో (సందు నింపే పలుచటి రేకులతో) 0.3 లోపుకు తీసుకురండి. బిగించాక చక్రాలు గాల్లో ఉండగా యాక్సిల్‌ను చేత్తో ఊపితే అటూ ఇటూ స్టాపుల దాకా బరువు లేకుండా పోవాలి. మధ్యలో పట్టేస్తే షిమ్ము ఒకటి తగ్గించండి.

దమ్ముబండి:
బుష్షు రంగు చూసి తీసుకోండి.