నగదు సాయం ఆగిపోయాక ఆ కుటుంబాలు ఎలా బతుకుతున్నాయి?

ప్రశ్న:
అమెరికాలో 1996 నాటి సంక్షేమ సంస్కరణ చట్టం తర్వాత నగదు సాయం పొందే కుటుంబాల సంఖ్య నాలుగైదేళ్లలోనే దాదాపు సగానికి పడిపోయిందని చదివాను. చాలామంది దీన్ని విజయంగా చెబుతారు. జాబితాలోంచి పేరు పోయినంత మాత్రాన ఇంట్లో ఇబ్బంది తీరిందని ఎలా అనగలం? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
పిల్లలున్న పేద కుటుంబాలకు నగదు ఇచ్చే, 1935 నుంచి అమలులో ఉన్న పాత పథకాన్ని ఆ చట్టం రద్దు చేసి, సమాఖ్య నిధులతో అందే నగదు సాయానికి జీవితకాలంలో 60 నెలల పరిమితిని, దానితోపాటు పని చేయాలనే షరతును విధించింది. 1990ల చివరి సర్వేల ప్రకారం, సాయం నుంచి వైదొలగినవారిలో సుమారు 60 శాతం మంది పనిలో ఉన్నారు. అయితే వారిలో ఎక్కువమందివి తక్కువ వేతనపు కొలువులే, యజమాని ఇచ్చే ఆరోగ్య బీమా కొద్దిమందికే దక్కింది. 1995–97 మధ్య బయటికి వచ్చినవారిలో పదిమందికి ముగ్గురి దాకా సర్వే నాటికే తిరిగి సాయం తీసుకుంటున్నారు. పైగా అప్పట్లో ఉద్యోగాలు పుష్కలంగా దొరికేవి, తక్కువ ఆదాయంతో పనిచేసే కుటుంబాలకిచ్చే పన్ను రాయితీని 1993లోనే పెంచారు. కాబట్టి సంఖ్య తగ్గిన ఘనతనంతా చట్టానికే కట్టబెట్టడం నాకు సరికాదనిపిస్తుంది.

రెండో సమాధానం:
పై మాటకు ఒకటి జోడిస్తాను. నేను అక్కడ కొంతకాలం దరఖాస్తులు నింపడంలో కుటుంబాలకు సాయపడ్డాను. నగదు ఆగిన రోజునే ఫుడ్ స్టాంపులూ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం), మెడికెయిడూ (పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య సాయం) ఆగిపోయాయని నమ్మి, అర్హత ఉండి కూడా వాటిని వదులుకున్న తల్లులను చూశాను. నిజానికి ఉద్యోగం వల్ల నగదు సాయం పోయిన కుటుంబానికి వైద్య సాయం కొన్ని షరతులతో ఏడాది వరకు కొనసాగే వీలుంది. ఆ సంగతి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెబితే తప్ప తెలియదు. ఇంకో చిక్కు ఏమిటంటే, జీతం పెరిగే కొద్దీ ఆహార సాయం తగ్గుతుంది, బిడ్డను చూసుకునే కేంద్రానికి కట్టవలసినదీ, రాకపోకల ఖర్చూ కొత్తగా వచ్చిపడతాయి. వారం వారం పనిగంటలు మారే ఉద్యోగంలో ఉన్న తల్లికి నెల చివర ఎంత మిగులుతుందో ముందుగా లెక్క వేసుకోవడం కుదరదు. మొదటి ఏడాదిలో ఎవరైనా తోడు నిలిస్తే చాలా ఇళ్లు నిలదొక్కుకుంటాయని నా గట్టి నమ్మకం.

మూడో సమాధానం:
పనీ లేక, సాయమూ లేక మిగిలిపోయినవారిని మరవకూడదు. అనారోగ్యంతోనో, పసిబిడ్డను వదిలి వెళ్లలేకనో షరతులు నెరవేర్చలేక సాయం కోల్పోయినవారు వారిలో ఉన్నారు. ఉద్యోగాల లెక్కల్లో వీరు కనబడరు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అయితే ఎంతమంది వైదొలిగారన్నదానికన్నా, ఏడాది తర్వాత అద్దె, తిండి, వైద్యం వారికి అందుతున్నాయా అన్నదే అడగాలన్నమాట. నా వ్యాసాన్ని ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.