మా స్టేషన్ పరిధిలో కేసుల వివరాలు ఆన్‌లైన్‌లో చూడొచ్చా? పోర్టల్‌లో ఎఫ్ఐఆర్ దొరకట్లేదు

మేడమీద_మల్లె:
అపార్ట్‌మెంట్ సంఘం తరఫున అడుగుతున్నానండీ. మాది తెలంగాణలో ఒక కమిషనరేట్ పరిధి. మా బ్లాక్‌లో జరిగిన దొంగతనం మీద కేసు కట్టి పది రోజులైంది. పోలీసు పోర్టల్‌లో వెతికితే రికార్డు లేదంటోంది. ఇంకోటి: 2023, 2024లో మా స్టేషన్ పరిధిలో ఇళ్ల దొంగతనాలు ఎన్ని అయ్యాయో తెలిస్తే వాచ్‌మన్లు, కెమెరాల మీద ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవచ్చు. ఈ లెక్క ఎక్కడ దొరుకుతుంది?

కచేరీ_వీధి:
ముందు ఎఫ్ఐఆర్ సంగతి. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఇచ్చిన తీర్పు ప్రకారం ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్ అందని చోట్ల 48 గంటలు, మరీ ఇబ్బందైతే 72. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. పెట్టకూడదనే నిర్ణయం కూడా డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి తీసుకోవాలి, ఎస్ఐ కాదు. మామూలు దొంగతనం ఆ కోవలోకి రాదు, కాబట్టి మీది ఉండాల్సిందే.

దొరకకపోవడానికి ఎక్కువగా కారణం నంబరే. 123/2024 అని మొత్తం ఒకే పెట్టెలో కొట్టకండి. 123 ఒక చోట, సంవత్సరం ఇంకో చోట. జిల్లా గడిలో రెవెన్యూ జిల్లా కాదు, మీ కమిషనరేట్ పేరు ఎంచుకోవాలి. వేరే స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ కట్టి ఉంటే, మీ స్టేషన్‌కు బదిలీ అయ్యాక కొత్త నంబరు పడుతుంది, పాతదాంతో వెతికితే రాదు. 1930కి ఫోన్ చేస్తే వచ్చే సైబర్ ఫిర్యాదు నంబరు ఎఫ్ఐఆర్ నంబరు కాదు. చాలామంది పొరబడేది అక్కడే.

అసలు ఫిర్యాదుదారుకు పోర్టల్‌తో పనే లేదు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(2) కింద కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. కాపీ చేతికొచ్చాక పోయిన వస్తువులు, వాటి విలువ రాసిన గడులు సరిచూడండి. ఫిర్యాదులో ఆలస్యానికి కారణం అనే గడి ఖాళీగా వదిలేసి ఉంటే, ఆ ప్రశ్న తర్వాత కోర్టులో వస్తుంది.

లెక్కల_రామం:
రెండో ప్రశ్నకు నేను చెప్తాను. ఎన్సీఆర్బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) ఏటా వేసే నివేదికలో జిల్లా, పెద్ద నగరం స్థాయి అంకెలే ఉంటాయి, స్టేషన్‌వారీగా ఉండవు. పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్య, దొంగతనం రెండూ ఉంటే హత్య కిందే లెక్కేస్తారు.

కొందరు డిసెంబరు 31 నాటి చివరి ఎఫ్ఐఆర్ నంబరు చూసి, ఇన్ని నేరాలని తేల్చేస్తారు. స్టేషన్‌లో వరుస నంబరు జనవరి 1న ఒకటితో మొదలవుతుంది కాబట్టి అది మొత్తం ఎఫ్ఐఆర్‌ల సంఖ్య అన్నది నిజమే. కానీ మన రెండు రాష్ట్రాల్లో మనిషి కనబడట్లేదన్న ఫిర్యాదుకూ, అనుమానాస్పద మృతికీ (పాత సీఆర్పీసీ 174, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 194) అదే వరుసలో నంబరిస్తారు. ఆ లెక్కతో మీ ఏరియాను భయంకరంగా ఊహించుకోవద్దు.

సరైన దారి సమాచార హక్కు దరఖాస్తు. కమిషనరేట్ పౌర సమాచార అధికారికి రాయండి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించండి. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ వచ్చింది కాబట్టి రెండు చట్టాల సెక్షన్లూ అడగాలి: ఐపీసీ 379, 380, 457, బీఎన్ఎస్ 303, 304, 305, 331. ఒక్కటే అడిగితే 2024లో సగం ఏడాది గల్లంతవుతుంది. జులై తర్వాత కట్టినా, నేరం అంతకుముందు జరిగి ఉంటే ఐపీసీయే పడుతుందని గుర్తుంచుకోండి. సంవత్సరం వారీగా కేసుల సంఖ్య, ఛార్జిషీటు వేసినవి, దొంగ దొరకక మూసేసినవి, రికవరీ విలువ, ఇంతే అడగండి. పేర్లు అడిగితే సమాచార హక్కు చట్టం 8(1)(హెచ్) చూపి, దర్యాప్తుకు ఆటంకమని తిప్పి పంపే వీలుంటుంది. వట్టి అంకెలకు ఆ సాకు చెల్లదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

మేడమీద_మల్లె:
జిల్లా గడిలోనే తప్పు చేశాను, ఇప్పుడు దొరికింది. చాలా థ్యాంక్సండీ. ఛార్జిషీటు కూడా ఇలాగే పెడతారా? ఈ ఎఫ్ఐఆర్ సంఘం వాట్సాప్ గ్రూపులో వేయొచ్చా?

కచేరీ_వీధి:
ఛార్జిషీటు పెట్టరు. అది ఎఫ్ఐఆర్ లాగా అందరికీ ఇవ్వాల్సిన పత్రం కాదని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చింది. కేసు కోర్టుకు చేరిందో లేదో మాత్రం ఈకోర్ట్స్ అనే కోర్టుల వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. ముందు కోర్టు కాంప్లెక్స్ సరిగ్గా ఎంచుకోండి, అది తప్పితే మీ స్టేషన్ పేరు జాబితాలోనే కనబడకపోవచ్చు. పెండింగ్‌లో లేకపోతే డిస్పోజ్డ్ (ముగిసినవి) నొక్కి మళ్లీ చూడండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు పోలీసులే చెప్పాలి, బీఎన్ఎస్ఎస్ 193(3)లో ఉంది. చెప్పకపోతే ఆ సెక్షన్ రాసి స్టేషన్ ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం పెట్టండి.

గ్రూపులో మాత్రం ఉన్నదున్నట్టు వేయకండి. ఫిర్యాదుదారు చిరునామా, ఫోన్ నంబరు, ఇంట్లో ఎంత బంగారం ఉండేదో కూడా అందులో ఉంటాయి. అనుమానితుల గడిలో పనిమనిషి పేరో డ్రైవరు పేరో ఉండొచ్చు. అది ఫిర్యాదులో వచ్చిన మాటే, నేరం రుజువైనట్టు కాదు. ఆ మనిషి ఉపాధి పోతుంది. ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, సెక్షన్లు, తలుపు ఎలా తీశారన్నది, ఇవి వేస్తే మిగతా ఫ్లాట్లవాళ్లు జాగ్రత్తపడటానికి సరిపోతుంది.