కాలువ పడవలో కాపురం: పడవను ఊరు మార్చేటప్పుడు నాలుగేళ్ల బాబును ఇక్కడికి పంపించాలా?

హనుమకొండ అమ్మమ్మ:
మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో పడవలోనే కాపురం ఉంటున్నారు. ఏడడుగుల వెడల్పు కూడా లేని ఇనుప పడవ, పొడవు యాభై ఏడు అడుగులు. అల్లుడికి బర్మింగ్‌హాంలో ఉద్యోగం దొరికింది. లండన్ నుంచి గ్రాండ్ యూనియన్ కాలువ మీదుగా పడవను అక్కడికి చేర్చాలి. దారి పొడవు 137 మైళ్లు, మధ్యలో 166 లాకులు (నీళ్లు నింపి, వదిలి పడవను ఎత్తుకు ఎక్కించే, పల్లానికి దించే తలుపుల గదులు). నవంబరు నుంచి మార్చి వరకు మరమ్మతుల కోసం లాకులు మూస్తుంటారు కనుక అక్టోబరులోనే చేరుకోవాలని తొందరపడుతున్నారు. ఇంజిను విప్పి ఉంది, నేలంతా పనిముట్లే. నేను పంపిన ఆవకాయ జాడీని అమ్మాయి తువ్వాలు చుట్టి పొయ్యి కింది అరలో ఇరికించింది. పడవ లాకు గోడకు తగిలితే జాడీ పగులుతుందట. ఆ సందడి మధ్య మనవడు. రెండు నెలలు నా దగ్గర ఉంచమంటే, "వాడి ఇల్లే కదులుతుంటే వాడిని పంపేయడం ఏమిటమ్మా" అంటుంది. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట వాసి:
పంపించమని గట్టిగా చెప్పండి అమ్మా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగితే మన కడిపికొండలో ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో మీకు తెలియనిది కాదు. నీళ్ల దగ్గర ధైర్యం పెద్దవాళ్లకే పనికిరాదు, పసివాడి సంగతి చెప్పాలా? పైగా వాడికి ఇంకా అయిదేళ్లు నిండలేదు, బడి పోతుందన్న బెంగ కూడా లేదు.

పడవలో ఉండి వచ్చినవాణ్ణి:
కడిపికొండ బాధ నాకూ ఉంది. అయితే అది వరద మీద ఉన్న గోదావరి. ఈ కాలువలో ప్రవాహం ఉండీ లేనట్టుంటుంది, చాలా చోట్ల లోతు మనిషి నడుము దాటదు, పడవ వేగం గంటకు నాలుగు మైళ్లు మించకూడదు. ఒడ్డున నడిచేవాళ్లు మనల్ని దాటిపోతుంటారు.

అలాగని భయం లేదనను. భయమంతా లాకుల దగ్గర. నిండిన లాకులో రెండు నిలువుల లోతుండవచ్చు. కిందికి దిగే లాకులో పై తలుపు పక్కన నీళ్లలో కనబడని ఒక మెట్టు ఉంటుంది. అది ఎక్కడిదాకా వస్తుందో గోడ మీద తెల్లగీత గీసి ఉంటుంది. ఆ గీతకు వెనకగా పడవ నిలిపితే, నీళ్లు దిగేకొద్దీ వెనుక భాగం మెట్టు మీదే ఆగిపోయి ముక్కు కిందికి వంగుతుంది. పడవ మునగడానికి నిమిషాలు చాలు. అందుకే ఒకరు చుక్కాని వదలకూడదు, ఇంకొకరు ఒడ్డున నీళ్లు వదిలే హ్యాండిల్ తిప్పుతూ నీళ్ల మీదే కన్ను వేసి ఉండాలి. అలాంటప్పుడు బాబును చూసేదెవరు? ఇది 166 సార్లు ఎదురయ్యే ప్రశ్న!

నా మాట ఇది: బాబును ఇక్కడికి రప్పించవద్దు, మూడో మనిషిని అక్కడికి పంపండి. మీరే వెళ్లగలిగితే అంతకన్నా కావలసిందేముంది. పుట్టినప్పటి నుంచి ఆ మంచం, ఆ గుండ్రటి కిటికీ చూసి నిద్రపోయే పిల్లవాడిని ఇల్లు అల్లకల్లోలమైన రోజుల్లోనే అమ్మకు దూరం చేస్తే, రెండు నెలల తర్వాత తెలియని ఊళ్లో ఆ పడవను మళ్లీ కొత్తగా అలవాటు చేసుకోవాలి. మీరు పక్కనుంటే లాకు వచ్చినప్పుడల్లా వాడికి లైఫ్ జాకెట్టు తొడిగి, చేయి పట్టుకుని ఒడ్డున నిలబడవచ్చు. రోజుకు ఆరు గంటలు నడిపితే రెండు వారాల పైచిలుకు ప్రయాణం. చీకటి పడ్డాక నడపవద్దని అల్లుడి దగ్గర మాట తీసుకోండి. కట్టెల పొయ్యి వెలిగించే రోజులు కనుక కార్బన్ మోనాక్సైడ్ (పొయ్యి నుంచి వచ్చే, వాసన లేని విషవాయువు) అలారం మోగుతోందో లేదో బయలుదేరేముందు నొక్కి చూడమనండి. నీళ్లకన్నా నాకు ఆ విషవాయువంటేనే ఎక్కువ భయం.

మంచిర్యాల మిత్రుడు:
క్రేనుతో లేపి లారీ మీద తీసుకెళ్లే వీలుంటుంది కదా! పదిహేను టన్నుల దాకా బరువుంటుంది, ఖర్చవుతుంది. కానీ ఒక్క రోజులో పని ముగుస్తుంది, బాబు తల్లితో రైలెక్కి వెళతాడు.

హనుమకొండ అమ్మమ్మ:
లారీ మాట అల్లుడు ముందే కాదన్నాడు, కొత్త చోట పడవ కట్టుకునే స్థలానికే డబ్బంతా పెట్టారట. ఇన్నాళ్లూ సొంత స్థలం లేక పద్నాలుగు రోజులకు మించి ఒకచోట ఉండకుండా తిరిగారు. వచ్చే ఏడాది బాబును బడిలో వేయాలని కదా ఈ తిప్పలన్నీ. నేను వెళ్లడం గురించి ఆలోచించనే లేదు. మోకాళ్ల నొప్పులున్నాయి, ఆ ఇరుకు మెట్లు దిగగలనా?

పడవలో ఉండి వచ్చినవాణ్ణి:
మూడు నాలుగు మెట్లే అమ్మా, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది. వెనుక్కి తిరిగి దిగాలి.

కాజీపేట వాసి:
అమ్మ వెళితే నాకు అభ్యంతరం లేదు. ఎవరూ వెళ్లలేకపోతే మాత్రం బాబు హనుమకొండలోనే ఉండాలి. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.