రంగులేసిన పాత ఆర్మీ: మొత్తం ఒకే వేలంలోనా, ముక్కలుగానా?

ఎర్రకవచం (రెడింగ్, యూకే)
అందరికీ నమస్తే. వచ్చే నెలాఖరుకి హైదరాబాద్ తిరిగొచ్చేస్తున్నాం. కంటైనర్‌లో చోటు లేదు, ఇంట్లో వార్నింగ్ కూడా వచ్చేసింది. నా వార్‌హామర్ 40,000 ఆర్మీ (బల్ల మీద ఆడే యుద్ధపు ఆట బొమ్మలు) అమ్మాలి. బ్లడ్ ఏంజెల్స్ అనే ఎర్రకవచాల దళం, ఆట లెక్కలో దాదాపు 2,500 పాయింట్లు. ఎక్కువ భాగం 2017లో ప్రైమారిస్ అనే పెద్ద సైజు సైనికులు రాకముందు నాటి చిన్న సైజు మెరైన్లే. లోహపు టెర్మినేటర్లు (బరువైన కవచం వేసుకున్న సైనికులు), ఫైన్‌కాస్ట్ అనే రెజిన్‌తో చేసిన క్యాప్టెన్ ఒకడు, డ్రెడ్‌నాట్లు (నడిచే యుద్ధయంత్రాలు) రెండు. రంగులన్నీ నేనే వేశాను. పోటీకి పంపే స్థాయి కాదు, కానీ బల్ల మీద పెట్టి కాస్త దూరం నుంచి చూస్తే బాగుంటాయి. ఈబేలో మొత్తం ఒకే లాట్‌గా పెట్టాలా, స్క్వాడ్‌ల కింద విడగొట్టాలా? వేలమా, ఫిక్స్‌డ్ రేటా? అమ్మినవాళ్ళు చెప్పండి.

ఆఖరిసెకను (బర్మింగ్‌హామ్)
ఒకే లాట్. వేలం. మొదలు 99 పెన్నీలు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ముగిసేలా పెట్టండి. తక్కువతో మొదలుపెడితే భయమేస్తుంది, నిజమే. కానీ ఈబే వేలంలో గెలిచినవాడు కట్టేది తన గరిష్ఠ ధర కాదు, రెండోవాడి ధర మీద ఒక మెట్టు మాత్రమే. 1961లోనే విక్రీ అనే ఆర్థికవేత్త రెండో ధర వేలం గురించి రాశాడు, తర్వాత నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి ఎక్కడ మొదలైందన్నది లెక్క కాదు. గట్టిగా కావాలనుకునేవాళ్ళు ఇద్దరుంటే చాలు, రేటు దానంతటదే పైకి వెళ్తుంది. చవగ్గా కనిపిస్తే వాచ్ లిస్టులో పెట్టుకునేవాళ్ళు పెరుగుతారు. 300 పౌండ్ల దగ్గర మొదలుపెడితే ఒక్కడూ తొంగిచూడడు.

రెండోకోటు (మిల్టన్ కీన్స్)
"ఇద్దరుంటే చాలు." ఆ ఇద్దరు లేకపోతే?

తమ్ముడూ ఎర్రకవచం, మొత్తం ఆర్మీ కావాలనేవాడు ఎవడో ఆలోచించు. వాడికి బ్లడ్ ఏంజెల్సే కావాలి, నీ ఎరుపు నచ్చాలి, పాత సైజు మెరైన్లయినా పర్వాలేదనుకోవాలి, అంత డబ్బు ఒకేసారి చేతిలో ఉండాలి, అదీ నీ వేలం నడిచే ఆ వారంలోనే. అలాంటివాళ్ళు దేశం మొత్తం మీద ఎంతమంది? ఇక మిగిలేది హోల్‌సేల్ రేటుకి కొని విడగొట్టి అమ్ముకునేవాళ్ళు. వాళ్ళు వాళ్ళ లాభం తీసేసుకున్నాకే బిడ్ వేస్తారు. ఆ లాభం నీది కావాలంటే నువ్వే విడగొట్టు. స్క్వాడ్‌కొక లిస్టింగ్, ఫిక్స్‌డ్ రేటు, ఆఫర్ పెట్టుకునే అవకాశం ఆన్. రేటు ఎంతో తెలియాలంటే జనం అడుగుతున్న ధరలు చూడకు. "అమ్ముడైనవి" అని ఫిల్టర్ పెట్టి చూడు. అడిగే ధరకీ, పోయిన ధరకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

లోహపు టెర్మినేటర్లు మాత్రం మిగతావాటిలో కలపకు. వాటికోసం వెతికేవాళ్ళు వేరే ఉంటారు.

డాలస్_దాసు
ఇక్కడైతే ఈబే 13 శాతం పైనే లాక్కుంటుంది. మీకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు.

ఎర్రకవచం
అవును దాసు గారూ, 2024 అక్టోబరు నుంచి ఇక్కడ ప్రైవేట్‌గా అమ్మేవాళ్ళకి ఆ ఫీజు తీసేశారు. కానీ 2025లో కొనేవాళ్ళ మీద వేరే రుసుము పెట్టారు, అది వాళ్ళకి కనిపించే ధరలోనే కలిసి ఉంటుంది. చివరికి నా రేటులోంచే పోతున్నట్టు లెక్క.

రెండోకోటు అక్కా, విడగొడితే ముప్పై నలభై లిస్టింగులు అవుతాయి. ఉద్యోగం, ప్యాకింగ్, పోస్టాఫీసు… కుదురుతుందా?

ఆఖరిసెకను
కుదరదు. అదే చెప్తున్నా.

ఇంకో మాట, నొచ్చుకోవద్దు. మీరు రంగు వేశారు కాబట్టి విలువ పెరిగిందనుకుంటున్నారు. బల్ల మీద ఆడటానికి సరిపడే రంగు మార్కెట్‌లో చాలాసార్లు విలువ తగ్గిస్తుంది. కొత్తగా స్ప్రూలో (ముక్కలు ఇంకా విడదీయని ప్లాస్టిక్ ఫ్రేములో) ఉన్న బొమ్మకి వచ్చే రేటు దానికి రాదు. ఎందుకంటే కొన్నవాడు దాన్ని డెట్టాల్‌లో నానబెట్టాలి, పళ్ళ బ్రష్‌తో తోమాలి, మళ్ళీ ప్రైమర్ కొట్టాలి. ప్లాస్టిక్ సిమెంటుతో అతికించి ఉంటే ఇంకా కష్టం, అది ప్లాస్టిక్‌నే కరిగించి ఒకటి చేస్తుంది కాబట్టి విడదీయడం కుదరదు. సూపర్ గ్లూ అయితే ఫ్రీజర్లో పెట్టి తీస్తే టప్పున ఊడొచ్చే అవకాశం ఉంది. ఏది వాడారో లిస్టింగులో రాయండి, చాలామంది అడుగుతారు.

బ్రష్‌బాబు (గచ్చిబౌలి)
డెట్టాల్‌తో రంగు పోతుందా అన్నా? ఇంట్లో బాటిల్ ఉంది 😀

ఆఖరిసెకను
పోతుంది. ఒక రోజు నాననివ్వు. కానీ బయటికి తీశాక నేరుగా నీళ్ళలో కడిగావంటే రంగంతా జిగురు ముద్దయిపోతుంది. ముందు డెట్టాల్‌లోనే తోమి, రంగు వదిలాక కడగాలి. గ్లవ్స్ తప్పనిసరి. అసిటోన్ జోలికి మాత్రం వెళ్ళకు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. లోహం బొమ్మలకైతే ఫర్వాలేదు. ఫైన్‌కాస్ట్ రెజిన్‌తో చాలా జాగ్రత్త.

నీలికప్ప
ఫైన్‌కాస్ట్ 2011లో వచ్చినప్పుడు కొన్న క్యాప్టెన్ ముక్కు మీద బుడగ ఇంకా అలాగే ఉంది. డెట్టాల్ ఏం చేయగలదు దాన్ని.

రెండోకోటు
ఒక్క నిమిషం. బ్లడ్ ఏంజెల్స్‌లో అసాల్ట్ స్క్వాడ్‌కి పసుపు హెల్మెట్. ఎరుపు మీద పసుపు వేసినవాళ్ళకి తెలుసు అదెంత నరకమో. పలచగా కోటు మీద కోటు, అయినా కింది ఎరుపు తొంగిచూస్తుంది. ఈ తమ్ముడు అదంతా చేశాడు. మీరేమో దాన్ని "తీసేయాల్సిన పని" కింద లెక్కేస్తున్నారు. పోనీ అసలు రంగే లేకుండా ఆర్మీ ఆడించగలరా? ఈ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ నియమాల్లోనే రంగు వేసిన ఆర్మీకి 100కి 10 గెలుపు పాయింట్లు ఇస్తారు. వారాంతాల్లో ఆడుకునేవాడికి తయారుగా ఉన్న ఆర్మీ దొరకడం పెద్ద విషయం.

ఆఖరిసెకను
అలాంటివాడు ఉంటే వాడే బిడ్ వేస్తాడు. వేలం ఉన్నది అందుకే. నేను వాదించేది ఒక్క విషయమే: మొదలు 99 పెన్నీలా, 300 పౌండ్లా. దానికి మీ దగ్గర జవాబు లేదు.

రెండోకోటు
జవాబు ముందే చెప్పాను. మీ రెండో ధర సిద్ధాంతం ప్రకారమే రెండోవాడు తక్కువ వేస్తే గెలిచినవాడు తక్కువే కడతాడు. 99 పెన్నీలతో మొదలుపెట్టి రెండోవాడు 90 పౌండ్ల దగ్గర ఆగిపోతే 2,500 పాయింట్ల ఆర్మీ 90 చిల్లరకి పోతుంది. అది సిద్ధాంతంలో తప్పు కాదు, తమ్ముడి జేబుకి తప్పు.

నీలికప్ప
పైగా ఆఖరి సెకన్లలో వచ్చి బిడ్ వేసేవాళ్ళు. (పేరు చూసి అనట్లేదు.)

ఆఖరిసెకను
చివర్లో వేయడం మోసమేమీ కాదు. ఈబేలో టైమ్ అయిపోతే అయిపోయినట్టే. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది, అక్కడ చివర్లో బిడ్ పడితే గడువు పెరిగేది. రాత్, ఓకెన్‌ఫెల్స్ అని ఇద్దరు ఈ రెండింటినీ పోల్చి 2002లో పేపర్ రాశారు, ఆఖరి నిమిషం బిడ్లు ఈబేలోనే బాగా ఎక్కువ. ఆటకి ఎలాంటి నియమం పెడితే జనం అలా ఆడతారు. ముందే పెంచేసుకుంటూ పోయేవాడు ఎదుటివాడికి తన మనసు చెప్పేస్తున్నట్టే.

ఎర్రకవచం
ఇంకో టెన్షన్. ఏడాదిలో 30 అమ్మకాలు దాటితే ఈబే వివరాలు ట్యాక్స్ వాళ్ళకి పంపిస్తుందట. దేశం వదిలి వెళ్ళేముందు ఇది కొత్త తలనొప్పి అవుతుందా?

రెండోకోటు
వివరాలు పంపడం వేరు, పన్ను పడటం వేరు. 2024 జనవరి నుంచి ఇలాంటి సైట్లు 30 అమ్మకాలకి చేరినవాళ్ళవీ, దాదాపు 1,700 పౌండ్లు దాటినవాళ్ళవీ వివరాలు హెచ్‌ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్ను శాఖకి) ఇస్తున్నాయి. కానీ నువ్వు వాడుకున్న సొంత వస్తువులు, కొన్నదానికంటే తక్కువకి అమ్ముతున్నావు. అది వ్యాపారం కాదు. భయపడాల్సింది లాభానికి అమ్మడం కోసమే కొనేవాళ్ళు. వాళ్ళకి ఏడాదికి 1,000 పౌండ్ల రాబడి దాకానే మినహాయింపు. ఆ సంగతి ఇక్కడ కొందరికి బాగా తెలిసే ఉండాలి.

ఆఖరిసెకను
ఎవరికి? పేరు పెట్టి చెప్పండి.

రెండోకోటు
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికి?

ఆఖరిసెకను
సరే, దాచేదేముంది. నేను లాట్లు కొంటాను, శుభ్రం చేస్తాను, విడగొట్టి అమ్ముతాను. లెక్కలు చూపిస్తాను, పన్ను కడతాను. నా హాబీ ఖర్చు దానిమీదే నడుస్తుంది. ఇది చెప్పినందుకు తమరు నన్ను దొంగని చేస్తే నేనేం చేయలేను. అటకమీద దుమ్ము పట్టిన బొమ్మలు మళ్ళీ ఆడేవాళ్ళ చేతిలో పడుతున్నాయంటే మాలాంటివాళ్ళ వల్లే.

డాలస్_దాసు
అడ్మిన్ ఎక్కడ?

రెండోకోటు
ఆడేవాళ్ళ చేతిలోనా! ఉన్న మాట చెప్తాను విను. వుడ్ ఎల్ఫ్స్ ఆర్మీ ఉండేది నాకు. 2015లో దాని ఆట, వార్‌హామర్ ఫ్యాంటసీ బ్యాటిల్, ఆపేసినప్పుడు కూడా అమ్మలేదు. చిన్నోడు పుట్టాక ఇల్లు మారుతూ అమ్మాను. నీలాంటి సలహానే విన్నాను: ఒకే లాట్, 99 పెన్నీలు, ఆదివారం రాత్రి. గెలిచినాయన మెసేజ్ పెట్టాడు, "మా అబ్బాయీ నేనూ ఆడుకుంటాం" అని. సంతోషపడి ఒక్కో విలుకాడినీ ఫోమ్‌లో చుట్టి పంపాను. కొన్ని వారాలకే అదే ఖాతాలో నా చెట్టు మనిషి బోసిగా, రంగంతా గీకేసి, విడిగా అమ్మకానికి కనిపించాడు. విలుకాళ్ళు ఐదేసి చొప్పున వేరే లిస్టింగులు. 2024లో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో ఆ ఆట మళ్ళీ వచ్చాక నాకు ఎలా ఉండి ఉంటుందో అనుకో.

ఆఖరిసెకను
కొన్నది నేను కాదు. కానీ అబద్ధం చెప్పకుండా నేనైనా అదే చేసేవాణ్ణి. మీరు అమ్మారు, డబ్బు తీసుకున్నారు. ఆ తర్వాత అతను గీకితే మీకేంటి, కాలిస్తే మీకేంటి? ఇల్లు అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళ గోడల రంగు గురించి ఫోన్ చేసి తిడతారా?

రెండోకోటు
ఇల్లు నేను కట్టలేదు. ఇవి నేను వేశాను. రాత్రి పిల్లాడు పడుకున్నాక, అద్దాలు పెట్టుకుని.

బ్రష్‌బాబు
అక్కా, కొన్నాయన అబద్ధం చెప్పడం తప్పు, ఒప్పుకుంటా. రంగు గీకడం తప్పెలా అవుతుంది? నేను కొన్నా నా రంగే వేసుకుంటా కదా.

రెండోకోటు
వేసుకో బాబూ. నీ సొంతానికి గీకి నీ రంగు వేసుకుంటే నాకేం బాధ లేదు, అది హాబీ. గీకి అమ్మడం వేరు.

ఆఖరిసెకను
హమ్మయ్య. అంటే 99 పెన్నీలూ కాదు, హెచ్‌ఎంఆర్‌సీ కాదు. మీ గొడవ ఎవరు కొంటున్నారన్నదాని మీద. వేలానికి మనిషితో పనిలేదు, ధరతోనే పని. మనిషిని ఎంచుకోవాలంటే వేలం పెట్టకూడదు, అంతే. అది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం రాకపోయేది. కాకపోతే మనిషిని ఎంచుకోవడానికి కొంత డబ్బు వదులుకోవాలి. ఎర్రకవచం గారు వదులుకుంటారా లేదా అన్నది ఆయన్నే చెప్పనివ్వండి.

నీలికప్ప
పార్టిజాన్ లాంటి వార్‌గేమ్ షోలకి వెళ్ళి మనిషిని చూసి అమ్మొచ్చు కదా? అది జరిగే న్యువార్క్ మీకు మరీ దూరమేం కాదు. లండన్ ఎక్సెల్‌లో సెల్యూట్‌కి కూడా జనం బాగా వస్తారు.

ఎర్రకవచం
షోల తేదీలు నా ప్రయాణంతో కుదరడం లేదు నీలికప్ప గారూ.

ఇద్దరికీ థాంక్స్, నిజంగా. రెండోకోటు అక్క చెప్పింది నాకు అర్థమైంది కానీ నాకు అంత పట్టింపు లేదు. ఎవరైనా గీకుకుంటే గీకుకోనీ. నాకు కావాల్సింది రెండు: నెలాఖరులోపు అన్నీ పోవాలి, కనీసం కంటైనర్ అదనపు ఖర్చులో సగమైనా రావాలి. టెర్మినేటర్లు, క్యాప్టెన్ విడివిడిగా వేలంలో పెడతా, వాటికి మాత్రం 99 పెన్నీలే. మిగతాదంతా ఒకే లాట్, ఫిక్స్‌డ్ రేటు, వచ్చి తీసుకెళ్ళేవాళ్ళకి తగ్గింపు. రెండు వారాల్లో పోకపోతే అదీ వేలానికే. పోస్టులో పంపాల్సి వస్తే రాయల్ మెయిల్ స్పెషల్ డెలివరీ, 750 పౌండ్ల దాకా పరిహారం అందులోనే ఉంటుంది కాబట్టి.

ఆఖరిసెకను
రెండు వారాలు దండగ. కానీ టెర్మినేటర్ల విషయంలో సరైన పని చేస్తున్నారు. అడుగు భాగం, వీపు కూడా ఫోటో తీయండి, లోహం అని తెలిసేలా కవచం కింద రంగు ఊడినచోట దగ్గరగా ఒకటి. ఫోటోలు పగటి వెలుతురులో. పసుపు హెల్మెట్లు లైటు కింద నారింజలా కనిపిస్తాయి.

రెండోకోటు
ఫోటోల గురించి ఈయన చెప్పింది నిజమే. బబుల్ రాప్ మాత్రం నేరుగా చుట్టకు తమ్ముడూ, కత్తులూ యాంటెన్నాలూ ఇరుక్కుని విరుగుతాయి. ముందు మెత్తటి ఫోమ్, పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు.

డాలస్_దాసు
ఆ డ్రెడ్‌నాట్లు రెండూ విడిగా ఇస్తారా? గీకను, అమ్మను. ఒట్టు.

ఎర్రకవచం
డాలస్‌కి పోస్టు ఖర్చు చూసి చెప్తా దాసు గారూ, రేపు మెసేజ్ పెడతాను.

ఆఖరిసెకను
లాట్‌లోంచి డ్రెడ్‌నాట్లు తీసేస్తే మిగతాదానికి ఎవడూ రాడు. చెప్పలేదనొద్దు.