మెల్లగా వచ్చే మార్పు మనకు కనపడదా, కనపడనట్టు ఉంటామా?

గులకరాయి:
ఒక్క రోజులో జరిగితే గగ్గోలు పెట్టే మార్పును ముప్పై ఏళ్ల మీద పరిస్తే నోరెత్తకుండా భరిస్తాం. కారణం, అది కనపడకపోవడమే. 1995లో మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ ఇదే చెప్పారు: ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము వృత్తిలోకి వచ్చిన నాటి చేపల రాశినే సహజమనుకుని, తరుగును అక్కడి నుంచే లెక్కగడతారు. నీళ్లు మెల్లగా కాగుతుంటే కప్ప కదలదంటారే, మనమూ అంతే.

తూనికరాయి:
పాపం, కప్పను వదిలేయండి. నీళ్లు వేడెక్కితే అది దూకేస్తుంది. 1869లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త గోల్ట్జ్ చేసిన ప్రయోగంలో కదలకుండా ఉండిపోయింది మెదడు తీసేసిన కప్ప. (అయితే మనకు మరీ బాగా సరిపోతుందని ఎవరో అనేలోపు నేనే అనేస్తున్నాను.) హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తున్నారు. అప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315, ఇప్పుడు 420 దాటింది. ఇది కనపడకపోవడమా? దాన్ని తగ్గించే ఖర్చు ఎవరు భరించాలన్న చోట ఆగిపోయాం, అంతే. ఓజోన్ పొరకు రంధ్రం పడిందని 1985లో వెల్లడైతే 1987కల్లా ఆ పొరను తినేసే రసాయనాలను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం దేశాల మధ్య కుదరలేదా?

గులకరాయి:
కప్ప విషయంలో ఓడిపోయాను. కానీ మీరు చెప్పిన రెండూ పరికరాలకు కనపడినవి, కళ్లకు కాదు. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో సరదాగా వేటకు వెళ్లినవారు తాము పట్టిన పెద్ద చేపలతో దిగిన ఫొటోలను ఒక పరిశోధకురాలు వరసగా పేర్చి చూశారు. 1956 నుంచి 2007కు వచ్చేసరికి చేప సగటు బరువు దాదాపు 20 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. ఫొటో దిగిన ప్రతివారికీ అది ఆ రోజు దొరికిన ఘనమైన చేపే!

వానపిట్ట:
నాకు సముద్రాల సంగతి తెలియదు, నా చెవుల సంగతి చెబుతాను. అందరూ గొణుగుతున్నారని కొన్నేళ్లు విసుక్కున్నాను. వయసుతో ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలట. అందుకే గొంతు వినపడేది, మాట తెలిసేది కాదు. లోపం పట్టుకున్నది నాలుగేళ్ల తర్వాత ఇంటికొచ్చిన మా తమ్ముడు. రోజూ నాతో ఉండేవారు తమకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడటానికి అలవాటు పడిపోయారు.

గులకరాయి:
నేనంటున్నది సరిగ్గా ఇదే.

తూనికరాయి:
వానపిట్ట గారూ, తమ్ముడు చెప్పగానే వినికిడి యంత్రం కొన్నారా?

వానపిట్ట:
లేదండీ. ఏడాదిన్నర పట్టింది.