ఇక్కడ ‘క్షమాభిక్ష’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో క్రిముల ఆయుధాల మీద ప్రయోగాలు చేసిన జపాన్ సైనిక విభాగం యూనిట్ 731 మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1947లో దాని అధిపతి ఇషీ షిరోకూ, అతని కింద పనిచేసిన డాక్టర్లకూ అమెరికా ‘ఇమ్యూనిటీ’ (కేసు పెట్టబోమన్న హామీ) ఇచ్చిందనే వాక్యం దగ్గర ‘క్షమాభిక్ష పెట్టింది’ అని రాయమంటున్నారు ఎడిటర్ గారు. నాకు మనసొప్పడం లేదు. చైనాలోని హార్బిన్ దగ్గర పింగ్‌ఫాంగ్‌లో వాళ్లు బతికున్న మనుషులకు ప్లేగు, ఆంత్రాక్స్ క్రిములు ఎక్కించారు. మత్తు ఇవ్వకుండానే కోసి చూశారు. 1949లో సోవియట్లు జరిపిన ఖబరోవ్‌స్క్ విచారణలో ఆ యూనిట్ అధికారి కవాషిమా కియోషి చెప్పిన లెక్క ప్రకారమే అక్కడ చనిపోయినవాళ్లు 3,000కు తక్కువ కాదు. దీనికి ఏ మాట వాడాలి?

— మీ అనుమానం సరైనదేనండీ. క్షమాభిక్ష శిక్ష పడ్డవాడికి. మన పత్రికల్లో ‘రాష్ట్రపతి క్షమాభిక్ష’ అంటే కోర్టు తీర్పు అయ్యాక వచ్చే మాట. ఇషీ మీద అసలు కేసే లేదు. పైగా అతను చేతులు జోడించి అడగలేదు. నాకూ, నా పైవాళ్లకూ, కిందివాళ్లకూ కాగితం మీద రాసిస్తే సమాచారమంతా తెప్పిస్తానని అమెరికా అధికారి ఫెల్‌తో అన్నాడు. భిక్ష అడిగేవాడు షరతులు పెడతాడా?

— ‘అప్రూవర్‌గా మారారు’ అంటే సరిపోదా? కోర్టు వార్తల్లో అందరికీ తెలిసిన మాటే కదా.

— సరిపోదండీ. తేడా అక్కడే ఉంది. అప్రూవర్ కోర్టులో నిలబడి, తోటి నిందితుల ఎదుట నిజమంతా చెప్పాలి. దాచినా, అబద్ధం చెప్పినా ఆ రక్షణ పోతుంది. అలా ఒకణ్ని వదిలేయడంలో కనీసం మిగతావాళ్లకు శిక్ష పడుతుంది, చనిపోయినవాళ్ల తరఫువాళ్లకు నిజం తెలుస్తుంది. ఇషీ వాళ్లు అమెరికాకు చెప్పిన పింగ్‌ఫాంగ్ నిజం ఏ కోర్టుకూ రాలేదు. జపాన్ నాయకులను యుద్ధనేరాలకు విచారించిన టోక్యో ట్రిబ్యునల్‌లో దీని మీద అభియోగమే లేదు. కాగితాలు, స్లైడ్లు అమెరికా సైనిక ప్రయోగశాలకు చేరి రహస్యమైపోయాయి.

— ఒక్క మాట. అప్పటి పరిస్థితి కూడా చూడాలి కదా? ఇషీని మాకు అప్పగించండి, ప్రశ్నించాలి అని సోవియట్లు అడుగుతున్నారు. ఆ సమాచారం వాళ్ల చేతికి పోతుందన్న టెన్షన్ అమెరికాకు నిజంగానే ఉంది. చనిపోయినవాళ్లు తిరిగి రారు, ఉన్న సమాచారమైనా పనికిరానివ్వండి అనుకున్నారేమో.

— ఆ భయం నిజమే, ఒప్పుకుంటాను. కానీ 1947 డిసెంబర్‌లో అమెరికా తరఫున ఎడ్విన్ హిల్ ఇచ్చిన నివేదిక చూడండి. ఈ సమాచారం రాబట్టడానికి అప్పటిదాకా అయిన ఖర్చు 2,50,000 యెన్లు, అసలు పరిశోధనకు అయిన దానితో పోలిస్తే చాలా తక్కువ అని రాశాడు. మనుషుల మీద ప్రయోగాలంటే మనకు సంకోచాలున్నాయి కాబట్టి ఇలాంటి సమాచారం మన ప్రయోగశాలల్లో దొరకదనీ రాశాడు. అంటే తప్పని తెలుసు. తెలిసే కొన్నారు. అదే ఏడాది ఆగస్టులో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అమెరికా న్యాయమూర్తులే ఇలాంటి పనులకు నాజీ డాక్టర్లు సహా ఏడుగురికి ఉరిశిక్ష వేశారు. భయమే కారణమైతే ఇషీని నిర్బంధించి ప్రశ్నించవచ్చు, అప్పగించకుండా విచారించవచ్చు. వదిలేయడం ఒక్కటే దారి కాదు. అతను 1959లో క్యాన్సర్‌తో పోయాడు. మనుషుల చేతులు గడ్డకట్టించి చూసిన యోషిమురా హిసాతో తర్వాత క్యోటోలో ఒక వైద్య విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అందుకే నేనైతే ‘సమాచారం ఇస్తే కేసు పెట్టబోమని బేరం కుదుర్చుకుంది’ అని రాస్తాను.

— ‘బేరం’ నాకూ నచ్చింది. ‘ఒప్పందం’ అంటే మరీ మర్యాదగా ఉంటుంది. ఇంకొకటి, మీ వ్యాసం 2002 దాకా వెళ్తే, అక్కడ టోక్యో జిల్లా కోర్టు తీర్పు వస్తుంది. క్రిముల యుద్ధం జరిగిందని కోర్టు ఒప్పుకుంది. చైనా బాధితులు అడిగిన క్షమాపణనూ, పరిహారాన్నీ మాత్రం తోసిపుచ్చింది. ‘క్షమ’ అన్న మాట మీకు ఆ పేరాలో కావాలి. 1947 దగ్గర ఖర్చు చేయకండి.